ఆశించిన సంఖ్యల వరుస

(ఆచార్య సి.ఆర్. రావు స్మారకోపన్యాసం, ఆనందపురం)



ఆచార్య కల్యంపూడి రాధాకృష్ణారావు గారి పేరిట జరిగే సభలో ఆయన కనుక్కున్న పెద్ద సిద్ధాంతాల గురించి మాట్లాడటం మర్యాద. నేను మాత్రం అందరికీ తెలిసిన ఒక చిన్న పరీక్ష గురించి మాట్లాడదామనుకుంటున్నాను. డిగ్రీలో స్టాటిస్టిక్స్ తీసుకున్నవాళ్ళు, బీటెక్‌లో ప్రాబబిలిటీ పేపర్ రాసేవాళ్ళు, ఎంబీఏ వాళ్ళు, ఎంకామ్ వాళ్ళు, వ్యవసాయ శాస్త్రం చదివేవాళ్ళు, అందరూ చేసే లెక్క అది: కై-స్క్వేర్. చేతిలో కాలిక్యులేటర్ పెట్టుకుని పది నిమిషాల్లో ముగించే లెక్క. ఆ పది నిమిషాల్లో పిల్లలు ఏం నేర్చుకుంటున్నారు, ఏం నేర్చుకోకుండానే మార్కులు తెచ్చుకుంటున్నారు అన్నది నాకు చాలాకాలంగా మనసులో ఉన్న విషయం. అది రావు గారికి దూరమైన విషయం కూడా కాదు. ఎందుకో కాసేపట్లో చెప్తాను.

రావు గారు 1920 సెప్టెంబర్ 10న హడగళిలో పుట్టారు. తండ్రి పోలీసు ఉద్యోగి కావడంతో ఊళ్ళు మారుతూ చదివి విశాఖపట్నం చేరారు. ఇక్కడి మిసెస్ ఏవీఎన్ కళాశాలలో, తర్వాత ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో చదివి 1940లో గణితంలో ఎంఏ పూర్తి చేశారు. యుద్ధకాలం. సైన్యానికి సంబంధించిన సర్వే విభాగంలో గణితజ్ఞుడి ఉద్యోగం కోసం కలకత్తా వెళ్ళారు. ఆ ఉద్యోగం రాలేదు. అక్కడే ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ గురించి విన్నారు, 1941 జనవరిలో అందులో చేరారు. 1945లో అచ్చయిన ఒక్క వ్యాసంతో క్రామర్-రావు అసమానత, రావు-బ్లాక్‌వెల్ సిద్ధాంతం అనే రెండు పేర్లు ప్రపంచమంతటి పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కాయి. 2001లో పద్మవిభూషణ్, 2023లో అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి అందుకున్నారు. అదే ఏడాది ఆగస్టులో, నూట మూడేళ్ళు నిండడానికి కొద్ది రోజుల ముందు, అమెరికాలో కన్నుమూశారు. ఇవన్నీ పత్రికల్లో మీరు చదివినవే కాబట్టి ఇంతటితో విడిచిపెడతాను.

ఇప్పుడు లెక్కలోకి వద్దాం. ఆనందపురంలో ఉన్నాం కాబట్టి ఇక్కడి పూల మార్కెట్ మీద ఒక ప్రశ్న చేసుకుందాం. అంకెలు బోర్డు మీద లెక్క కోసం నేను వేసుకున్నవి, ఎవరూ మార్కెట్లో సేకరించినవి కావు. ఆరు గంటలలోపు దిగిన చామంతి బుట్టలు 100. వాటిలో 80 ఆ రోజే అమ్ముడయ్యాయి, 20 మిగిలాయి. ఆరు దాటాక దిగినవి మరో 100. వాటిలో 65 అమ్ముడయ్యాయి, 35 మిగిలాయి. పూలు దిగిన వేళకీ, అమ్మకానికీ సంబంధం ఉందా?

పరీక్ష హాల్లో సాధారణంగా ఏం జరుగుతుందంటే, విద్యార్థి ప్రశ్న చదవగానే రెండు వరుసల పట్టిక చూస్తాడు, గుర్తున్న సూత్రం రాస్తాడు, మీటలు నొక్కుతాడు, 5.64 అని వస్తుంది. పట్టిక విలువ 3.841. ఇది పెద్దది, కనుక శూన్య పరికల్పనను తిరస్కరిస్తున్నాం. అయిపోయింది. మార్కులు పడతాయి. ఆ శూన్య పరికల్పన ఏమిటి బాబూ అని అడిగితే మాత్రం చాలామంది దిక్కులు చూస్తారు. ఇది పిల్లల సోమరితనం కాదు. సూత్రం ముందు చెప్పి, ప్రశ్న తర్వాత చెప్పే మన బోధనలో వచ్చిన లోపం.

ఆ లెక్కలో ప్రాణమంతా ఆశించిన సంఖ్యల వరుసలో ఉంది. మొత్తం 200 బుట్టల్లో 145 అమ్ముడయ్యాయి. దిగిన వేళతో అమ్మకానికి ఏ సంబంధమూ లేదు అని ఒక్క క్షణం అనుకోండి. అలాంటప్పుడు పొద్దున్నే దిగిన వందలోనూ, ఆలస్యంగా దిగిన వందలోనూ అదే నిష్పత్తిలో అమ్ముడుపోవాలి కదా. అంటే చెరి 72.5. మిగిలేవి చెరి 27.5. అడ్డు మొత్తాన్ని నిలువు మొత్తంతో గుణించి, అసలు మొత్తంతో భాగించమని మనం చెప్పే సూత్రం ఇంతే. 72.5 అని రాయడం అంటే శూన్య పరికల్పనను అంకెల్లో రాయడం. సగం బుట్ట ఎక్కడైనా ఉంటుందా అని పిల్లలు అడుగుతారు. ఆ ప్రశ్న అడిగిన పిల్లని మెచ్చుకోవాలి. ఆ అంకె మార్కెట్లోది కాదు, సంబంధమే లేని ఒక ఊహాలోకంలోది అని ఆమెకి తట్టింది.

ఆ తర్వాతి పని సులువు. వచ్చిన సంఖ్యకీ ఆశించిన సంఖ్యకీ తేడా నాలుగు గడుల్లోనూ 7.5. దాని వర్గం 56.25. దాన్ని 72.5తో రెండుసార్లు, 27.5తో రెండుసార్లు భాగించి కూడితే 5.64.

ఇక్కడే ఇంకో మాట. అవే బుట్టలు వందేసి కాక ఇరవయ్యేసి ఉన్నాయనుకోండి: 16, 4, 13, 7. శాతాలు మారలేదు. అప్పుడూ 80 శాతం, 65 శాతమే. కై-స్క్వేర్ మాత్రం ఐదో వంతుకి పడిపోయి 1.13 అవుతుంది. 3.841కి చాలా కింద. అదే వెయ్యేసి బుట్టలైతే 56 దాటుతుంది. అందుకే శాతాల మీద ఈ పరీక్ష చేయకూడదు, లెక్కపెట్టిన సంఖ్యల మీదే చేయాలి. పట్టికలో ఇచ్చినవి శాతాలా, సంఖ్యలా అని కాలిక్యులేటర్ అడగదు. ఏది ఇస్తే దానికి జవాబు చెప్తుంది. ఎంబీఏ ప్రాజెక్టు రిపోర్టుల్లో నేను ఎక్కువగా చూసే తప్పు ఇదే.

కాలిక్యులేటర్ వాడొద్దని నా ఉద్దేశం కాదు. దాన్ని బాగా వాడటం కూడా ఒక విద్యే, ఎవరూ ప్రత్యేకంగా నేర్పరు. మన పరీక్షల్లో అనుమతించే మామూలు సైంటిఫిక్ కాలిక్యులేటర్‌లో కై-స్క్వేర్ మీట ఉండదు. ఉన్న మీటల్లో ఎక్కువ పనికొచ్చేది ఎం ప్లస్. ముందు మెమరీ సున్నా చేయండి. పోయిన లెక్కలోది ఏదైనా మిగిలి ఉంటే అది ఈ లెక్కలో కలిసిపోతుంది, ఎక్కడ తప్పామో కూడా తెలియదు. తర్వాత ఒక్కో గడికీ తేడా వర్గం, భాగహారం, ఎం ప్లస్. ఎం ప్లస్ నొక్కే ముందు ఆ గడి విలువని కాగితం మీద రాసుకోండి. చివర మెమరీ పిలిస్తే మొత్తం వస్తుంది. రాసుకున్నవి కూడితే అదే రావాలి.

దగ్గరి దారి ఒకటుంది. వచ్చిన సంఖ్య వర్గాన్ని ఆశించిన సంఖ్యతో భాగించి, అన్నీ కూడి, చివర మొత్తం సంఖ్యని తీసేయడం. మీటలు తక్కువ. ట్యూషన్లలో దీన్ని బాగా చెప్తారు. అయితే ఇందులో ఒక గొయ్యి ఉంది. మెండెల్ బఠానీల లెక్కే తీసుకోండి. 556 గింజలు: 315 గుండ్రని పసుపు, 108 గుండ్రని ఆకుపచ్చ, 101 ముడతల పసుపు, 32 ముడతల ఆకుపచ్చ. 9:3:3:1 నిష్పత్తి ప్రకారం ఆశించినవి 312.75, 104.25, 104.25, 34.75. ఏ దారిన చేసినా కై-స్క్వేర్ 0.47. ఇప్పుడు ఆశించిన వాటిని ఒక దశాంశానికి సవరించి 312.8, 104.3, 104.3, 34.8 అని రాశారనుకోండి. మామూలు పద్ధతిలో 0.48 వస్తుంది, పెద్ద నష్టం లేదు. దగ్గరి దారిలో 0.28 వస్తుంది. ఎందుకంటే సవరించిన నాలుగూ కూడితే 556 కాదు, 556.2. ఆశించినవాటి మొత్తం, వచ్చినవాటి మొత్తం సమానంగా ఉన్నప్పుడే ఆ దారి నడుస్తుంది. కాబట్టి ఆశించిన వరుస రాయగానే దాన్ని కూడి చూడండి. మొత్తం సరిపోకపోతే అక్కడే ఆగండి.

మెండెల్ ప్రస్తావన వచ్చింది కాబట్టి: 1936లో సాంఖ్యక శాస్త్రవేత్త రొనాల్డ్ ఫిషర్ మెండెల్ ప్రయోగాలన్నిటినీ ఈ పరీక్షతోనే తిరగేసి, అంకెలు సిద్ధాంతానికి మరీ దగ్గరగా ఉన్నాయని చూపించాడు. కై-స్క్వేర్ మరీ పెద్దదైతేనే కాదు, చాలా ప్రయోగాల్లో వరసగా మరీ చిన్నదైనా ఆలోచించాల్సిందే. ప్రాక్టికల్ రికార్డుల్లో అంకెలు దిద్దే అలవాటున్నవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి.

ఇక డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్. పిల్లలు ఎక్కువగా తడబడేది ఇక్కడే. వాళ్ళకి ధైర్యం చెప్పడానికి నేను చరిత్ర చెప్తాను. ఈ పరీక్షని 1900లో కార్ల్ పియర్సన్ ప్రకటించాడు. ఆ వ్యాసంలో ఆయన వాడిన ఉదాహరణల్లో ఒకటి వెల్డన్ పాచికలు: పన్నెండేసి పాచికల్ని 26,306 సార్లు వేసి, ఎన్ని ఐదులూ ఆరులూ పడ్డాయో లెక్కపెట్టిన పట్టిక. ఆ పాచికలు నిష్పాక్షికం కావని తేలింది. అంత గొప్ప పని చేసిన పియర్సన్, రెండు వరుసలు రెండు నిలువుల పట్టికకి మూడు డిగ్రీలు అనుకున్నాడు. నాలుగు గడులు, మొత్తం స్థిరం, కాబట్టి మూడు. 1922లో ఫిషర్ అది ఒక్కటే అని చూపించాడు. ఆశించిన సంఖ్యలు కట్టడానికి అడ్డు, నిలువు మొత్తాలు మన పట్టికలోంచే తీసుకున్నాం కదా. అవి నిలిచిపోయాక ఒక్క గడి నింపితే తక్కిన మూడూ వాటంతటవే నిండుతాయి. పియర్సన్ ఒప్పుకోలేదు. తర్వాత ఆయన కొడుకు ఈగన్ పియర్సన్ వేరే పని కోసం తయారుచేసిన పట్టికలు తీసుకుని, వాటి కై-స్క్వేర్‌ల సగటు మూడు దగ్గర కాదు, ఒకటి దగ్గరే ఉందని ఫిషర్ లెక్కకట్టి చూపించాడు.

తేడా ఎంతో మన పూల లెక్కలోనే చూడండి. 5 శాతం స్థాయిలో మూడు డిగ్రీలకి పట్టిక విలువ 7.815, ఒక డిగ్రీకి 3.841. మన 5.64 వాటి మధ్య ఉంది. మూడనుకుంటే సంబంధం ఉందని చెప్పలేం, ఒకటైతే చెప్తాం. డిగ్రీ తప్పితే ఒక మార్కే పోతుందనుకుంటారు, నిజానికి తీర్పే తారుమారవుతుంది.

ఇప్పుడు రావు గారి దగ్గరికి వస్తాను. తెలివైన విద్యార్థి ఎవరైనా అడిగే ప్రశ్న ఒకటుంది: సార్, ఆశించిన సంఖ్యతోనే ఎందుకు భాగించాలి? వచ్చిన సంఖ్యతో భాగిస్తే ఏం? సూత్రం అలా ఉంది అని చెప్పి తప్పించుకోవడం ఆ విద్యార్థికి అన్యాయం. దానికి అసలైన జవాబు విశాఖపట్నంలో చదివి వెళ్ళిన మనిషి చేసిన పనిలో ఉంది.

1946లో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ స్థాపకుడు మహలనోబిస్ రావు గారిని కేంబ్రిడ్జి పంపారు. సూడాన్‌లోని జెబెల్ మోయా తవ్వకాల్లో దొరికిన అస్థిపంజరాల కొలతల్ని విశ్లేషించే పని అది. అక్కడే ఫిషర్ దగ్గర పరిశోధనకి చేరారు. ఎలుకల జన్యువుల మీద లెక్కలు చేస్తుండగా ఒక సమస్య ఎదురైంది: వేర్వేరు ప్రయోగాల నుంచి వచ్చిన అంచనాలు ఒకే సత్యాన్ని చెప్తున్నాయా, లేదా? దాని నుంచి 1948లో కేంబ్రిడ్జి ఫిలసాఫికల్ సొసైటీ ప్రొసీడింగ్స్‌లో వచ్చిన వ్యాసం పుట్టింది. ఇవాళ దాన్ని రావు స్కోర్ టెస్ట్ అంటారు. అదే లెక్క పదేళ్ళ తర్వాత మరో దారిలో వచ్చి లగ్రాంజ్ మల్టిప్లయర్ టెస్ట్ అయింది. అర్థశాస్త్రంలో ఆ పేరే వాడుక.

దాని సారం ఇది. ఒక పరికల్పన నిజమో కాదో చూడాలంటే, దాని లోపలే నిలబడి చూడండి. అది నిజమే అనుకుని, ఆ అంకెల దగ్గర మన సమాచారం ఎటువైపు ఎంత బలంగా లాగుతోందో కొలవండి. ఆ లాగుడిని కొలిచే బద్ద కూడా ఆ పరికల్పన ఇచ్చినదే కావాలి. ప్రత్యామ్నాయం ఏమిటో విడిగా అంచనా కట్టనక్కరలేదు. ఈ పద్ధతిని గడుల్లో లెక్కపెట్టిన సంఖ్యలకి అన్వయిస్తే వచ్చేది పియర్సన్ 1900లో ఇచ్చిన కై-స్క్వేరే. హారంలో ఆశించిన సంఖ్య ఉండటానికి కారణం అదే. మనం శూన్య పరికల్పనలో నిలబడి చూస్తున్నాం కాబట్టి, ఒడిదుడుకులు ఎంత ఉండొచ్చో చెప్పవలసింది కూడా అదే. వచ్చిన సంఖ్యతో భాగించే మరో రూపం కూడా ఉంది, దానికి నైమన్ పేరు పెట్టారు. అది వేరే చోట నిలబడి చూసే చూపు.

ఇంకో సంగతి మీకు తెలియాలి. రావు గారి తరానికి లెక్కలన్నీ చేతితో తిప్పే యంత్రాల మీదే. అలాంటివాళ్ళ కోసమే ఆయన మిత్రా, మత్తయ్ వంటి సహచరులతో కలిసి 1966లో సూత్రాలు, పట్టికల పుస్తకం తెచ్చారు.

పూల మార్కెట్ దాటి విశాఖ ఉక్కు కర్మాగారం వైపు వెళ్దాం. ఇవి కూడా బోర్డు మీది అంకెలే. మూడు షిఫ్టుల్లో వందేసి కడ్డీలు తనిఖీ చేశారు. పనికిరానివి ఏ షిఫ్టులో 6, బీ షిఫ్టులో 9, రాత్రి నడిచే సీ షిఫ్టులో 15. చూడగానే ఏమనిపిస్తుంది? రాత్రి షిఫ్టువాళ్ళు సరిగ్గా చేయడం లేదని. లెక్క చేద్దాం. షిఫ్టుతో సంబంధం లేకపోతే ఒక్కో దాంట్లో 10 పనికిరానివి, 90 మంచివి ఉండాలి. కై-స్క్వేర్ 4.67. డిగ్రీలు రెండు. పట్టిక విలువ 5.991. దాటలేదు. ఆరుకీ పదిహేనుకీ ఉన్న తేడా కళ్ళకి ఎంత పెద్దగా కనిపించినా, సీ షిఫ్టు కార్మికుల మీద నింద వేయడానికి ఈ అంకెలు చాలవు. షిఫ్టులన్నీ సమానమని రుజువైందని కూడా కాదు. ఇంకా ఎక్కువ కడ్డీలు చూడాలి, అంతే. "తిరస్కరించలేకపోతున్నాం" అన్న మాటని "అంగీకరిస్తున్నాం" అని రాసే అలవాటు మన నోట్సుల్లో పాతుకుపోయింది. దాన్ని పీకేయాలి.

డిగ్రీలు రెండే ఉన్నప్పుడు పట్టిక లేకుండానే సంభావ్యత కట్టవచ్చు. కై-స్క్వేర్‌లో సగం తీసుకుని, ముందు మైనస్ పెట్టి, ఈ పవర్ ఎక్స్ (e^x) మీట నొక్కండి. ఇక్కడ సుమారు 0.097 వస్తుంది. 5.991తో చేసి చూడండి, సరిగ్గా 0.05 వస్తుంది. పట్టికలో ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో మీ చేతిలోనే తెలుస్తుంది. డిగ్రీ ఒక్కటే అయితే కై-స్క్వేర్ వర్గమూలం తీసి, సాధారణ విభాజనంలో రెండు కొసలూ చూస్తే చాలు. పూల లెక్కకి అది సుమారు 0.0175. పట్టిక ఇచ్చేది అవునా కాదా అన్న మాటే. ఈ అంకె ఎంత గట్టిగా అన్నది కూడా చెప్తుంది.

అయిదు నియమం గురించి ఒక్క మాట. ప్రతి గడిలో కనీసం అయిదు ఉండాలని చెప్పేది ఆశించిన సంఖ్యలకి, వచ్చిన సంఖ్యలకి కాదు. వచ్చింది రెండే అయినా ఆశించింది ఎనిమిదైతే ఇబ్బంది లేదు. దీన్ని తలకిందులుగా పట్టుకుని మంచి గడుల్ని కలిపేసి, డిగ్రీలు పోగొట్టుకునేవాళ్ళు చాలామంది.

ఇక ఈ లెక్కని పరీక్షల్లో ఎలా అడుగుతున్నారో చూద్దాం. మన పిల్లలు అమెరికాలో హైస్కూల్లోనే ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) స్టాటిస్టిక్స్ చదువుతున్నారు. అక్కడ 1997 నుంచి ఆ పరీక్ష ఉంది. చేతిలో టీఐ-84 కాలిక్యులేటర్. పట్టికని మాట్రిక్స్‌గా ఎక్కించి ఒక్క మెనూ నొక్కితే కై-స్క్వేర్, సంభావ్యత, డిగ్రీలు మూడూ తెర మీదికొస్తాయి. ఆశించిన సంఖ్యలు కూడా ఇంకో మాట్రిక్స్‌లో చేరతాయి. మనకంటే వాళ్ళకి సులువు అనుకోవచ్చు. కానీ ఆ మూడు అంకెలు రాసినంత మాత్రాన అక్కడ పూర్తి మార్కులు రావు. పరికల్పనలు మాటల్లో రాయాలి, ఆశించిన సంఖ్యలు చాలినంత ఉన్నాయని చూపాలి, ముగింపు ఆ ప్రశ్నలోని విషయం పేరు పెట్టి రాయాలి. యంత్రం తేలిక చేసిన చోట మార్కులు తగ్గించి, మనిషి ఆలోచించాల్సిన చోట పెంచారు. ఈ విషయంలో వాళ్ళ పద్ధతే సరైనదని నా అభిప్రాయం.

మన సమాధాన పత్రాల్లో ముగింపు ఎలా ఉంటుంది? "శూన్య పరికల్పన తిరస్కరించబడింది." ఎవరి పరికల్పన? దేని గురించి? ఇలా రాస్తే ఎంత బాగుంటుందో చూడండి: "పూలు దిగిన వేళకీ, అదే రోజు అమ్ముడుపోవడానికీ సంబంధం ఉందనడానికి 5 శాతం స్థాయిలో ఆధారం కనిపిస్తోంది. ఆరు గంటలలోపు వచ్చిన బుట్టలు ఎక్కువగా అమ్ముడయ్యాయి." అంతవరకే. ఆలస్యం వల్లే అమ్మకం తగ్గిందని రాయకూడదు. ఆలస్యంగా వచ్చినవి దూరం నుంచి వచ్చి వాడిపోయిన పూలు కావచ్చు. ఆ సంగతి రైతుని అడగాలి.

ప్రశ్నపత్రాలు తయారుచేసే మిత్రులకి నా విన్నపం ఇది. కై-స్క్వేర్ ప్రశ్నకి పది మార్కులుంటే, పరికల్పనలకి రెండు, ఆశించిన సంఖ్యల పట్టికకి మూడు, డిగ్రీలకి కారణం రాస్తే ఒకటి, సందర్భంతో కూడిన ముగింపుకి రెండు కేటాయించండి. తక్కిన రెండూ గుణకార భాగహారాలకి చాలు. ఏడాదికి ఒక్క ప్రశ్నలోనైనా కై-స్క్వేర్ విలువని మీరే ఇచ్చేసి, దాని అర్థం రాయమని అడగండి. ప్రాక్టికల్స్‌కి పుస్తకంలోని పాత పట్టికలు వదిలి పిల్లల్ని ఇక్కడి పూల మార్కెట్‌కి పంపండి, వాళ్ళే లెక్కపెట్టుకుని వస్తారు. విద్యార్థులకి చెప్పేది ఒక్కటే: రేపు పరీక్షలో కాలిక్యులేటర్ ముట్టుకునే ముందు ఆశించిన సంఖ్యల వరుసని మీ చేత్తో రాయండి, కూడి చూడండి, ఆ తర్వాతే మీటలు నొక్కండి.